ఫార్మాట్ ఒక్కటే మందా?

బాగా నడుస్తున్న కంప్యూటర్ ఉన్నట్టుండి ఆగిపోతుంది. తెర నిండా నీలం రంగు, దాని మీద తెల్లటి ఇంగ్లీషు అక్షరాలు. దీన్నే అందరూ బ్లూ స్క్రీన్ అంటున్నారు. ఒకసారి వచ్చి పోతే ఎవరూ పట్టించుకోరు. రోజూ వస్తుంటే మాత్రం మన వాడల్లో వినబడే సలహా ఒక్కటే: "ఫార్మాట్ కొట్టియ్యాలె తమ్మీ, అంతే." కర్మన్‌ఘాట్‌లో అడిగినా, చంపాపేటలో అడిగినా, దిల్‌సుఖ్‌నగర్ సందుల్లో అడిగినా ఇదే జవాబు. జ్వరానికీ, కాలు బెణికినందుకూ, పన్ను నొప్పికీ ఒకే మాత్ర ఇచ్చే డాక్టరు ఉంటే మనం రెండోసారి ఆ గడప తొక్కుతామా? మరి కంప్యూటర్ విషయంలో ఆ ఒక్క మాత్రనే ఎందుకు మింగుతున్నాం?

మా అభిప్రాయం సూటిగా చెబుతున్నాం. మళ్ళీ మళ్ళీ బ్లూ స్క్రీన్ వచ్చే కంప్యూటర్‌కు ఫార్మాట్ చివరి మందు కావాలి గాని మొదటి మందు కాకూడదు. తెర మీద ఏం రాసి ఉందో ముందు చదవాలి. చదివింది రాసుకోవాలి. రాసుకున్నదాన్ని బట్టి వెతకాలి. చదవకుండా ఫార్మాట్ కొట్టడమంటే ఎలుకల మీద కోపంతో ఇంటికి నిప్పు పెట్టుకోవడమే.

ఈ మాట అందరికంటే ముందు హాస్టల్ పిల్లలమైన మనకే ఎందుకు అవసరమో ఆలోచించండి. ఉన్నవాళ్ళ ఇంట్లో కంప్యూటర్ ఫార్మాట్ అయితే ఇంకో ల్యాప్‌టాప్‌లో కాపీ ఉంటుంది. మన సీనియర్ అన్నలు డిగ్రీకి వచ్చాక నలుగురు కలిసి గది అద్దెకు తీసుకుంటారు, నలుగురికీ కలిపి ఒక్క సెకండ్ హ్యాండ్ కంప్యూటర్ కొనుక్కుంటారు. ఆ ఒక్కదానిలోనే ప్రాజెక్టు రిపోర్టు, స్కాలర్‌షిప్ దరఖాస్తుకు స్కాన్ చేసిన కుల, ఆదాయ సర్టిఫికెట్లు, ఉద్యోగాల కోసం తయారు చేసుకున్న బయోడేటా, ఊళ్ళో అమ్మానాన్నల ఫోటోలు. "సి డ్రైవ్ ఒక్కటే పోతది, డి డ్రైవ్ అట్లనే ఉంటది" అని ధైర్యం చెబుతారు. డెస్క్‌టాప్ మీద పెట్టుకున్నవీ, మై డాక్యుమెంట్స్‌లో దాచుకున్నవీ మామూలుగా ఉండేది ఆ సి డ్రైవ్‌లోనే అని మాత్రం చెప్పరు. కష్టపడి చేసుకున్న పని అరగంటలో తుడిచిపెట్టుకుపోతుంది. వారం తిరిగేసరికి నీలం తెర మళ్ళీ వస్తుంది.

అసలు ఈ నీలం తెర ఎందుకు వస్తుంది? మన హాస్టల్ సంగతితోనే చెప్పుకుందాం. భోజనాల దగ్గర ఒకడి కంచం ఒలికితే వాడొక్కడికే ఇబ్బంది. వంటింట్లో సాంబారు డేక్షా ఒలికితే హాస్టల్ మొత్తం పస్తు. కంప్యూటర్‌లో కూడా రెండు చోట్లున్నాయి. మనం వాడే వర్డ్, పాటల ప్లేయర్, ఆటలు బయటి గదుల్లో నడుస్తాయి. వాటిలో ఒకటి చెడితే అదొక్కటే మూతపడుతుంది. వంటిల్లులాంటి లోపలి గదిని కెర్నెల్ అంటారు. గ్రాఫిక్స్ కార్డు, నెట్ కార్డు లాంటివాటిని నడిపించే డ్రైవర్లు చాలావరకు అక్కడ పని చేస్తాయి. అక్కడ తప్పు జరిగితే ఆ తప్పుతోనే ముందుకు నడిచి హార్డ్ డిస్కులో పిచ్చి రాతలు రాయడం కంటే, ఉన్నచోటే ఆగిపోవడం మేలని విండోస్ తనంతట తానే ఆగుతుంది. ఆగేముందు ఎందుకు ఆగిందో ఒక సంకేతం రాసి చూపిస్తుంది. కనుక బ్లూ స్క్రీన్ రోగం కాదు, రోగ లక్షణం. ఆ తెరను చూసి భయపడి స్విచ్ ఆపేవాడు వచ్చిన ఉత్తరాన్ని విప్పకుండానే చింపేసినవాడితో సమానం.

బ్లూ స్క్రీన్ రావడం మన పేదరికానికో, మన చేతకానితనానికో గుర్తు కూడా కాదు. 1998 ఏప్రిల్ 20న షికాగోలో జరిగిన కామ్‌డెక్స్ ప్రదర్శనలో సాక్షాత్తు బిల్ గేట్స్ వేదిక మీద ఉండగా, ఆయన సహాయకుడు విండోస్ 98 గొప్పతనం చూపిద్దామని స్కానర్ తగిలించాడు. వెంటనే వేలమంది చూస్తుండగా నీలం తెర వచ్చేసింది. సభంతా నవ్వింది, ఆయనా నవ్వేశాడు. ఇంటి కంప్యూటర్లలోనూ తరచుగా జరిగేది ఇదే. కొత్త పరికరం తగిలించగానే దాని డ్రైవర్ దగ్గర గొడవ మొదలవుతుంది.

ఇంకా పెద్ద ఉదాహరణ 2024 జులై 19 నాటిది. ఆ రోజు ప్రపంచమంతటా ఆఫీసులు, ఆసుపత్రులు, బ్యాంకులు, విమానాశ్రయాలలో కంప్యూటర్లు నీలం తెర చూపించి కూలబడ్డాయి. మన శంషాబాద్ విమానాశ్రయంలో కొందరు ప్రయాణికులకు బోర్డింగ్ పాసులు చేత్తో రాసి ఇవ్వాల్సి వచ్చింది. మైక్రోసాఫ్ట్ లెక్క ప్రకారం దెబ్బతిన్న యంత్రాలు సుమారు 85 లక్షలు. కారణం వైరస్సూ కాదు, దొంగలూ కాదు. క్రౌడ్‌స్ట్రయిక్ అనే రక్షణ సాఫ్ట్‌వేర్ కంపెనీ పంపిన ఒక చిన్న అప్‌డేట్ ఫైలు. దరఖాస్తు ఫారంలో 20 గడులే నింపి ఇచ్చి, 21వ గడిలో ఏముందో చదవమంటే గుమాస్తా ఏం చదువుతాడు? ఆ సాఫ్ట్‌వేర్ పరిస్థితి అదే అయింది. లేని 21వ విలువ కోసం మెమరీలో తనది కాని చోట చెయ్యి పెట్టింది. ఆ పని జరిగింది వంటింటిలో, అంటే కెర్నెల్‌లో. అందుకే యంత్రమే ఆగిపోయింది.

ఆ రోజు ఆ 85 లక్షల యంత్రాలనూ ఫార్మాట్ కొట్టారా? లేదు. తెర మీది సంకేతాన్ని చదివారు, ఏ ఫైలు తప్పో పట్టుకున్నారు. మామూలుగా తెరుచుకోని యంత్రాలను సేఫ్ మోడ్‌లో తెరిచి ఆ ఒక్క ఫైలును తీసేయడమే వైద్యమని చెప్పారు. చాలాచోట్ల మనుషులు ఒక్కొక్క యంత్రం దగ్గరికీ నడిచి వెళ్ళి ఆ పని చేయాల్సి వచ్చింది. అంత పెద్ద ఉపద్రవానికే కారణం వెతికి మందు వేయగలిగినప్పుడు, మన గదిలోని ఒక్క కంప్యూటర్‌కు కారణం వెతకలేమా?

వెతకడం ఎలా అని తమ్ముళ్ళు అడగవచ్చు. మొదటి పని, తెర నిలబడేలా చేసుకోవడం. చాలా కంప్యూటర్లు నీలం తెర చూపించి చదివేలోపే రీస్టార్ట్ అయిపోతాయి. మై కంప్యూటర్ (కొత్త వాటిలో దిస్ పీసీ) మీద రైట్ క్లిక్ చేసి ప్రాపర్టీస్, అందులో అడ్వాన్స్‌డ్, దాని కింద స్టార్టప్ అండ్ రికవరీలోకి వెళ్ళి ఆటోమేటిక్ రీస్టార్ట్ దగ్గరున్న టిక్కు తీసేయండి. ఇక తెర కదలదు. ఫోన్‌తో ఫోటో తీయండి, లేదా కాగితం మీద రాసుకోండి. అప్పటికీ తప్పిపోతే, మామూలు సెట్టింగులున్న కంప్యూటర్‌లో విండోస్ ఫోల్డర్ లోపల మినీడంప్ అనే ఫోల్డర్ ఉంటుంది. ఆగిపోయిన ప్రతిసారీ ఒక చిన్న రికార్డు అందులో పడుతుంది. ఫార్మాట్ కొడితే ఆ సాక్ష్యం కూడా పోతుందని మరచిపోవద్దు.

రెండో పని, సంకేతం చదవడం. స్టాప్ అనే మాట పక్కన సున్నాలతో మొదలయ్యే పొడుగు నంబరు ఉంటుంది, దాని చివరి అక్షరాలు చూడండి. కొత్త విండోస్‌లో నంబరుకు బదులు పేరు ఉంటుంది. చివర డి1 ఉంటే ఎక్కువగా ఏదో ఒక డ్రైవర్ తప్పు. 24 గాని 7ఎ గాని ఉంటే హార్డ్ డిస్కునో, దాని కేబుల్‌నో అనుమానించాలి. అప్పుడు మిగతా పనులన్నీ ఆపి ముందు ఫైళ్ళు కాపీ చేసుకోవాలి. 7బి అంటే విండోస్ తానున్న డిస్కును తానే చేరుకోలేకపోతోందని అర్థం. 124 అంటే హార్డ్‌వేర్ నుంచే ఫిర్యాదు వచ్చిందని. 1ఎ అయినా, 50 అయినా మెమరీ వైపు ఒక చూపు వేయాలి. క్రౌడ్‌స్ట్రయిక్ రోజున చాలా తెరల మీద కనబడింది ఈ 50 పేరే, పేజ్ ఫాల్ట్ ఇన్ నాన్‌పేజ్డ్ ఏరియా. అక్కడ తప్పు మెమరీ ముక్కది కాదు, సాఫ్ట్‌వేర్‌ది. కనుక సంకేతం తీర్పు కాదు, దారి చూపే బోర్డు మాత్రమే. ఎల్బీనగర్ బోర్డు చూడగానే ఎల్బీనగర్ చేరినట్టు కాదు కదా!

మూడో పని, అన్నిటికంటే ముఖ్యమైంది. ప్రతిసారీ అదే సంకేతం వస్తోందా, లేక రోజుకొకటి వస్తోందా చూడాలి. ఒకే సంకేతం, ఒకే ఫైలు పేరు మళ్ళీ మళ్ళీ వస్తే ముందు ఒక డ్రైవర్‌ను అనుమానించాలి. దాన్ని డివైస్ మేనేజర్‌లో పాత రూపానికి మార్చి చూడాలి. సేఫ్ మోడ్‌లో గంటలకొద్దీ బాగా నడిచి, మామూలుగా తెరిస్తేనే ఆగిపోతుంటే ఆ అనుమానం ఇంకా బలపడుతుంది. ఒకరోజు ఒక సంకేతం, మర్నాడు ఇంకో సంకేతం, దేనికీ పొంతన లేకపోతే ర్యామ్, వేడి, కరెంటు ఈ మూడింటి వైపు చూడాలి.

కర్మన్‌ఘాట్‌లో అద్దెకుంటున్న మా సీనియర్ అన్న ఒకరి కంప్యూటర్‌ను రెండుసార్లు ఫార్మాట్ కొట్టించారు. రెండుసార్లూ వారం తిరగకముందే నీలం తెర వచ్చింది. మూడోసారి దుకాణానికి మోయకుండా, వచ్చిన సంకేతాలన్నీ పది రోజులు నోటుబుక్కులో రాయించాం. ఏ రెండూ కలవలేదు. రెండు ర్యామ్‌లలో ఒకటి తీసి నడిపాం, మళ్ళీ రెండోది తీసి నడిపాం. తప్పు ఏ ముక్కదో తేలిపోయింది. విండోస్‌లో కూడా విస్టా కాలం నుంచీ మెమరీ డయాగ్నస్టిక్ అనే పరీక్ష ఉచితంగా ఉంది. రాత్రి పెట్టి పడుకుంటే తెల్లారి ఫలితం చెబుతుంది. చెడింది ర్యామ్ అయినప్పుడు ఎన్నిసార్లు ఫార్మాట్ కొడితే ఏం లాభం? కుండకు చిల్లు ఉంటే నీళ్ళు మార్చి పోసినంత మాత్రాన కుండ నిలుస్తుందా?

చాలాసార్లు మందు చాలా చవక. కరెంటు వైరు పీకి, చేత్తో సీపీయూ డబ్బా ఇనుమును ముట్టుకుని, ర్యామ్ తీసి, దాని బంగారు రంగు పళ్ళను పెన్సిల్ రబ్బరుతో మెల్లగా తుడిచి, పొడి గుడ్డతో రజను దులిపి మళ్ళీ నొక్కిపెడితే కొన్ని యంత్రాలు బాగుపడతాయి. ఫ్యానుకు పట్టిన దుమ్మును మెత్తటి బ్రష్షుతో దులపాలి. మే నెలలో 40 డిగ్రీలు దాటే ఎండకు రేకుల గదిలో ఉన్న కంప్యూటర్ మధ్యాహ్నాలే ఆగిపోతుంటే అది చెప్పేది వేడి గురించే. మోటారు వేసినప్పుడో, కరెంటు హెచ్చుతగ్గులైనప్పుడో ఆగితే ఎస్ఎంపీఎస్‌ను మార్చి చూడాలి. ఎస్ఎంపీఎస్‌ను మాత్రం ఎవరూ విప్పవద్దు, లోపల ప్రమాదం ఉంది. పాత మదర్‌బోర్డు అయితే చిన్న డ్రమ్ముల్లా నిలబడి ఉండే కెపాసిటర్ల నెత్తి ఉబ్బిందేమో చూడండి. 2000 తర్వాతి కొన్నేళ్ళలో తయారైన ఎన్నో బోర్డులు ఆ జబ్బుతోనే పోయాయి.

మదర్‌బోర్డు మీద రూపాయి బిళ్ళలాంటి బ్యాటరీ ఒకటి ఉంటుంది, సీఆర్ 2032 అంటారు. కరెంటు లేనప్పుడు గడియారాన్ని నడిపేది అదే. పాత బోర్డుల సెట్టింగులను నిలబెట్టేదీ అదే. వేసవి సెలవులకు మెయిన్ స్విచ్ ఆపి తాళం వేసి వెళ్ళి, జూన్‌లో వచ్చి చూస్తే తేదీ ఎన్నో ఏళ్ళు వెనక్కి పోయి, 7బి సంకేతంతో నీలం తెర కనబడవచ్చు. బ్యాటరీ అయిపోయి, డిస్కును ఏ పద్ధతిలో చదవాలో చెప్పే సెట్టింగు మారిపోయిందన్నమాట. బ్యాటరీ మార్చి, బయోస్‌లో ఆ సెట్టింగును మునుపటిలా పెడితే చాలు. ఒక్క ఫైలూ పోదు.

ఏది చేసినా ఒకసారి ఒక మార్పే చేయాలి. ర్యామ్ తుడిచి, డ్రైవర్ మార్చి, ఎస్ఎంపీఎస్ కూడా అదే రోజు మార్చేస్తే బాగుపడ్డాక దేనివల్ల బాగుపడిందో తెలియదు. మన సైన్సు సారు ల్యాబులో నేర్పేది ఇదే పాఠం. విండోస్ అసలు తెరుచుకోకపోయినా ఫైళ్ళ మీద ఆశ వదులుకోవద్దు. ఉబుంటు లాంటి లినక్స్‌ను పెన్ డ్రైవ్ నుంచి, ఇన్‌స్టాల్ చేయకుండానే నడిపి, డిస్కు బతికి ఉంటే ఫైళ్ళు బయటికి తీసుకోవచ్చు. నీలం తెర మీద "ఈ నంబరుకు ఫోన్ చేయండి" అని ఉంటే మాత్రం అది మోసగాళ్ళ పని. అసలైన బ్లూ స్క్రీన్ ఎన్నడూ ఫోన్ నంబరు ఇవ్వదు.

రిపేరు చేసే అన్నల పొట్ట కొట్టమంటున్నారా అని కొందరు మమ్మల్ని అడగవచ్చు. కానే కాదు. వాళ్ళలోనూ మనలాంటి హాస్టళ్ళలో చదువుకుని వచ్చినవారున్నారు. అసలు తప్పు వాళ్ళొక్కరిదే అనడం న్యాయం కూడా కాదు. రెండు గంటలు కూర్చుని కారణం వెతికితే "ఏం చేసినవని పైసలు?" అని మనమే అడుగుతాం. అరగంటలో ఫార్మాట్ కొట్టి కొత్త తెర చూపిస్తే అడిగినంత ఇచ్చి వస్తాం. వెతికినందుకు విలువ కట్టని చోట వెతికేవాడు ఎలా పుడతాడు? సంకేతాలు రాసుకున్న కాగితం చేతిలో పట్టుకుని దుకాణానికి వెళ్ళి చూడండి. మాట తీరు మారుతుంది. ఏం జరిగిందో తెలిసి వచ్చినవాడితో మాట్లాడే పద్ధతి వేరు, ఏమీ తెలియదని చేతులు కట్టుకుని నిలబడినవాడితో మాట్లాడే పద్ధతి వేరు. ఆస్పత్రిలోనైనా, ఆఫీసులోనైనా మనవాళ్ళకు ఈ తేడా అనుభవమే.

ఫార్మాట్ ఎప్పుడూ వద్దని కూడా మేము అనడం లేదు. వైరస్‌లతో విండోస్ ఫైళ్ళే పాడైతే, హార్డ్‌వేర్ బాగుందని పరీక్షల్లో తేలితే, ఫైళ్ళన్నీ భద్రంగా కాపీ అయితే, అప్పుడు కొట్టించండి. అలా కొట్టించిన తర్వాత కూడా కొద్దిరోజులకే మళ్ళీ నీలం తెర వస్తే ముందు హార్డ్‌వేర్‌ను అనుమానించండి.

ఇదంతా పాత ముచ్చట, ఇప్పుడెవరికి కావాలి అనుకోవద్దు. 2025లో మైక్రోసాఫ్ట్ విండోస్ 11లో ఆ నీలం తెరను నలుపు చేసింది. రంగు మారినా స్టాప్ కోడ్ అలాగే ఉంది, చెడిన డ్రైవర్ పేరు కూడా ఉన్నప్పుడు చూపిస్తుంది. విండోస్ 10కు మామూలు మద్దతు 2025 అక్టోబర్ 14తో ముగిసింది. విండోస్ 11కు పనికిరాని యంత్రాలను ఆఫీసులు వదిలించుకుంటాయి. అవి చేరేది సెకండ్ హ్యాండ్ దుకాణాలకు, అక్కడి నుంచి మనలాంటి వాళ్ళ ఇళ్ళకు, దాతల చేతుల మీదుగా హాస్టళ్ళకు. పాత యంత్రాలతో చదువుకోవాల్సినవాళ్ళం మనమే గనుక వాటి మాట అర్థం చేసుకోవాల్సిందీ మనమే.

అందుకే ఈ వార్షికోత్సవం సందర్భంగా వార్డెన్ సారునూ, పూర్వ విద్యార్థులైన అన్నలనూ మేము కోరేది పెద్దదేమీ కాదు. హాస్టల్ కంప్యూటర్ పక్కన దారం కట్టిన పెన్నుతో ఒక నోటుబుక్కు పెట్టండి. ఆగిన ప్రతిసారీ తేదీ, టైము, సంకేతం, అప్పుడు ఏం చేస్తున్నామో అందులో రాస్తాం. ఒక స్క్రూ డ్రైవర్ సెట్టు, బ్రష్షు, ఫైళ్ళు కాపీ చేసుకోను ఒక పెన్ డ్రైవ్ ఇప్పించండి. అన్నిటికంటే ముఖ్యంగా, పెద్దల సమక్షంలో ఆ డబ్బా మూత విప్పడానికి పిల్లలకు అనుమతి ఇవ్వండి. "ముట్టుకోకు, పాడవుతది" అనే మాట మన తాతల కాలం నుంచీ ఎన్నో తలుపుల దగ్గర విన్నాం. కంప్యూటర్ దగ్గర కూడా అదే మాట వినాలా?

మైక్రోసాఫ్ట్ తన భారత అభివృద్ధి కేంద్రాన్ని 1998లో మన హైదరాబాద్‌లోనే మొదలుపెట్టింది. దాని క్యాంపస్ గచ్చిబౌలిలో ఉంది. ఇదే నగరంలో పుట్టిన సత్య నాదెళ్ళ 2014 నుంచి ఆ కంపెనీని నడుపుతున్నాడు. నగరానికి పడమటి చివర అంత పెద్ద సాఫ్ట్‌వేర్ పని జరుగుతుంటే, తూర్పున ఉన్న కర్మన్‌ఘాట్‌లో మనం నాలుగు అక్షరాల సంకేతాన్ని చదవలేక వెనుదిరగాలా? అక్కరలేదు. తమ్ముళ్ళూ, ఈసారి తెర రంగు మారితే స్విచ్ వైపు చెయ్యి చాపకండి. పెన్ను తీసి, ముందు చదవండి.